అంతరిక్షం మీదుగా ‘హలో’... చేతిలో సెట్ చాలు!

సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్ఎస్) మీదుగా వేరే రాష్ట్రంలోని హ్యామ్ ఆపరేటర్‌తో మాట్లాడొచ్చు. డాబా మీద పెద్ద డిష్ అక్కర్లేదు, 5 వాట్ల హ్యాండ్‌సెట్ సరిపోతుంది. కొనేటప్పుడు వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ బ్యాండ్లు రెండూ ఉన్నాయో లేదో చూడండి. ఎందుకంటే ఐఎస్ఎస్‌లోని రిపీటర్ ఆన్‌లో ఉన్నప్పుడు మన మాటని 145.990 మెగాహెర్ట్జ్‌లో అందుకుని, 437.800లో కిందికి పంపుతుంది. 67 హెర్ట్జ్ టోన్ పెట్టకపోతే మనల్ని పట్టించుకోదు.

అసలు చిక్కంతా వినడంలోనే. సెట్‌తో వచ్చే పొట్టి యాంటెన్నా తీసేసి, చేత్తో పట్టుకునే యాగీ తగిలించండి. ఐఎస్ఎస్ ఎటు వెళ్తుంటే అటు తిప్పుతూ ఉండండి. స్క్వెల్చ్ తెరిచే ఉంచాలి. డాప్లర్ ప్రభావంతో అది వచ్చేటప్పుడు 437.810 దగ్గర, వెళ్లేటప్పుడు 437.790 దగ్గర వినిపిస్తుంది. అందుకే 5 కిలోహెర్ట్జ్ తేడాతో ఐదు చానెళ్లు ముందే మెమరీలో పెట్టుకోండి.

ఐఎస్ఎస్ మనకి అందేది మహా అయితే 10 నిమిషాలు. ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. మీకేమీ వినపడకుండానే బటన్ నొక్కితే ఇంకొకరి మాటకి అడ్డం పడినట్టే! ముందు వినండి, తర్వాత కాల్‌సైన్ చెప్పి క్లుప్తంగా ముగించండి.

అన్నట్టు, మన దేశంలో పరీక్ష రాసి, హ్యామ్ లైసెన్స్ చేతికొచ్చాకే ఇదంతా. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు.