దూరమునుండి ఇంటిని, మోటారును నడుపుట: తాళపుచెవి యెవరిచేత నుండవలెను?

సెల్‌ఫోనుతో బోరు మోటారును నడుపుట మన కర్షకులకు ఇప్పుడు వింత గాదు. స్టార్టరు పెట్టెలో సిమ్‌కార్డు గల చిన్న యంత్రమును బిగించి, ఇంటనుండియే ఫోను చేసి మోటారును వేయుటయు, ఆపుటయు అనేక గ్రామములలో జరుగుచున్నది. పూనా నగరమునకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ గారు ‘నానో గణేశ్’ అను పేర ఇట్టి పరికరమును మన దేశమున ప్రచారమునకు తెచ్చిరి. అర్ధరాత్రి కరెంటు వచ్చునని గట్టువెంట చీకటిలో నడచి పోవుట, పామునకు తేలునకు వెఱచుట, దీనివలన చాలవరకు తప్పినవి. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు నిచ్చు ఏర్పాటు వచ్చిన పిమ్మట, మోటారును వేయుటకంటె సకాలమున ఆపుటయే ముఖ్యమైనది. ఆ పనికిని ఫోనే అక్కఱకు వచ్చుచున్నది.

పొలమునుండి ఈ పద్ధతి ఇంటికిని వచ్చినది. దీపములు, నీళ్లట్యాంకు మోటారు, వాకిటి కెమెరా, పశువుల కొట్టములోని ఫ్యాను, ఇవన్నియు వైఫై స్విచ్చులతో నడచుచున్నవి. హైదరాబాదుననో బెంగుళూరుననో అమెరికాలోని టెక్సాసుననో ఉద్యోగము చేయు కుమారుడు, పల్లెలో ఒంటిగా నున్న తలిదండ్రుల కొఱకు సెలవులకు వచ్చినపుడు కెమెరాలను బిగించి పోవుచున్నాడు. అక్కడ కూర్చుండి ఇక్కడి వాకిలిని చూచుచున్నాడు. ఇది మంచిదే. కాని కుమారుడు చూడగల వాకిలిని మఱియెవ్వరు చూడగలరు? మనము ఆపగల మోటారును మఱియెవ్వరు వేయగలరు? పరికరమును కొనునపుడు ధర యడుగుదుము, గ్యారంటీ యడుగుదుము గాని ఈ ప్రశ్నను అడుగువారిని నేను అరుదుగ చూచితిని.

ముందుగ సిమ్‌కార్డు స్టార్టరు సంగతి. ఇందు చేయవలసినది స్వల్పమే. పరికరముతో వచ్చిన రహస్యపు అంకె ఆ కంపెనీ పెట్టెల కన్నిటికిని ఒకటే యై యుండవచ్చును; అది పుస్తకములోనే అచ్చుపడి యుండును. దానిని మొదటిదినముననే మార్చవలెను. బిగించిన మెకానిక్కు పరీక్షకొఱకు తన నంబరును అందు చేర్చియుండిన, పని ముగిసిన వెంటనే దానిని తీసివేయింపవలెను. పిలిచిన నంబరును మాత్రమే చూచి లొంగు యంత్రముకంటె, నంబరుతో కూడ రహస్యపు అంకెను కోరు యంత్రము మేలు. ఏలయనగా, ఒకరి నంబరునుండి ఫోను వచ్చినట్లు కనబఱచు మోసము ఇప్పుడు కష్టసాధ్యము గాదు.

ఇంటర్నెట్టుతో ముడిపడిన ఇంటి సంగతి ఇంతకంటె లోతైనది. ఇంటిలోని ప్రతి పరికరమునకును రౌటరు ఒక అంకెను ఇచ్చును. అది తఱచుగ 192.168 అని మొదలగును. ఆ అంకె ఇంటిలోపల చెల్లునే గాని వీధిలో చెల్లదు. వీధివారికి కనబడునది రౌటరు ఒక్కటే. కావున బయటనుండి ఎవరైనను మన కెమెరాను పలుకరింపవలెనన్న, రౌటరులో దానికొఱకు ప్రత్యేకముగ ఒక ద్వారమును తెఱవవలెను. దీనినే పోర్టు తెఱచుట యందురు. దూరమునుండి ఇంటిని చూడదలచిన అనేకులు మొట్టమొదట చేయు పని ఇదియే. పది నిమిషముల పని, వెంటనే ఫలించును. ఇదియే కూడని పని.

పల్లెలో మన ఇల్లు ఎవరికి తెలియును అని కొందఱందురు. పాత పద్ధతి ఇంటర్నెట్టు అంకెలు మొత్తము సుమారు 430 కోట్లు. ఇది పెద్ద సంఖ్యగ తోచును. కాని 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు ఒక్క సామాన్య యంత్రముతో ఆ అంకెల నన్నిటిని 45 నిమిషములలోపల తట్టి చూడవచ్చునని నిరూపించిరి. దొంగ మన ఊరిని వెదకికొనుచు రానక్కఱలేదు. వాని యంత్రము లోకములోని తలుపుల నన్నిటిని వరుసగ తట్టుచు పోవును. తెఱచియున్న దానిని వ్రాసికొనును.

ఇట్లు జరిగినదానికి 2016లోని ‘మిరాయ్’ అను దొంగ ప్రోగ్రాము నిదర్శనము. అది తలుపులు తట్టి, సుమారు 60 జతల పేర్లను, పాస్‌వర్డులను వరుసగ ప్రయోగించెను. అవన్నియు కార్ఖానాలో పెట్టిన పాస్‌వర్డులే, కొనినవారు మార్చనివి. ఆ స్వల్పమైన పట్టికతోనే లక్షలకొలది కెమెరాలు, రికార్డరులు, రౌటర్లు దాని వశమైనవి. 2016 అక్టోబరు 21న వాటి నన్నిటిని కూడగట్టి అమెరికాలోని డిన్ అను కంపెనీపై ఉసికొల్పగా, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ మొదలగు పెద్ద సంస్థలే కొన్ని గంటలు అందుబాటులో లేకపోయినవి. తమ కెమెరా అందు పాల్గొన్నదని దాని యజమానులలో చాలమంది ఎఱుగరు. కెమెరా ఎప్పటివలెనే బొమ్మ చూపుచుండెను.

కొన్ని కెమెరాలు యజమాని నడుగకయే రౌటరుతో మాటలాడి ద్వారమును తెఱపించుకొనును. రౌటరులో దీనికి యు.పి.ఎన్.పి. యని పేరు. దానిని ఆపివేయుట మంచిది. రౌటరు పాస్‌వర్డును బిగించినవానిచేతనే, మన యెదుటనే, మార్పింపవలెను.

మఱి దూరమునుండి ఇంటిని నడుపుటకు తగిన మార్గమేది? సులభమైనది కంపెనీవారి యాప్. ఇందు మన పరికరము తానే బయటికి పోయి కంపెనీవారి యంత్రముతో ముడిపడును, మన ఫోనును అక్కడికే పోవును, రౌటరులో ద్వారమక్కఱలేదు. రెండు మూడు స్విచ్చులు మాత్రమే గలవారికి ఇది చాలును. అయితే పాస్‌వర్డు మఱి యెక్కడను వాడనిదై యుండవలెను. ఫోనునకు వచ్చు రెండవ అంకెను కూడ అడుగు ఏర్పాటును తప్పక పెట్టుకొనవలెను. దీనిలోని లోపమేమనగా తాళము మనది గాదు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని ఇన్‌స్టియాన్ అను కంపెనీ ముందు చెప్పకుండగనే తన యంత్రములను ఆపివేయగా, కొనినవారి యాపులు ఒక్కసారిగ పనిచేయకపోయెను. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ కెమెరాలు వాడువారిలో సుమారు 13,000 మందికి ఇతరుల ఇండ్ల బొమ్మలు కనబడెను. వాకిటి కెమెరాకు ఇది సహింపవచ్చునేమో. పడకటింటిలో కెమెరా పెట్టనే కూడదని నా అభిప్రాయము.

పరికరములు పదియో పదునైదో యైనచో, ఇంటిలోనే ఒక చిన్న కంప్యూటరును పెట్టి వాటి నన్నిటిని దానికి అప్పగించుట మేలు. రాస్ప్‌బెర్రీ పై అను అఱచేతియంత కంప్యూటరు దీనికి చాలును. కరెంటు ఖర్చు చిన్న బల్బునకైనంతయే. అందు ‘హోమ్ అసిస్టెంట్’ అను ప్రోగ్రామును వేయుదురు. దీనిని 2013లో పౌలుస్ స్కౌట్సెన్ ఆరంభించెను, ఇది ఉచితము. ఇంటర్నెట్టు పోయినను ఇంటిలోపలి పనులు చాలవరకు దీనితో ఆగవు. ఇది సాధారణముగ 8123 అను పోర్టున పలుకును. ఆ పోర్టును వీధికి తెఱచితిమా, మొదటి తప్పునకే వచ్చితిమి. 2023 మార్చిలో ఈ ప్రోగ్రాముయొక్క ఒక భాగమున పాస్‌వర్డు లేకయే లోనికి పోగల లోపము బయటపడినది; అది 2017నుండి అందు దాగియుండెను. దానిని వెంటనే సరిచేసిరి. మంచి పనివారు కట్టిన తలుపులోను బీట యుండవచ్చును గనుక, ఆ తలుపు వీధికి ఎదురుగ నుండరాదు.

వీధికి కనబడని దారి యొకటి కలదు. దానిని వి.పి.ఎన్. అందురు. ఫోనునకును ఇంటికిని నడుమ ఇతరులు చదువలేని గుప్తమార్గమును అది కల్పించును. ఇప్పుడు వాడుకలోనున్న వానిలో వైర్‌గార్డ్ సరళమైనది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ దీనిని నిర్మించెను. 2020 మార్చిలో లినక్సులో భాగమైనది. ఇందు ప్రతి పరికరమునకును రెండేసి తాళపుచెవులు: ఒకటి రహస్యము, రెండవది ఇతరులకు ఈయదగినది. ఒక్కొక్కటి 44 అక్షరముల పొడవు. ఊహించి చెప్పుట యసాధ్యము. దీనికి కూడ రౌటరులో ఒక పోర్టును, సాధారణముగ 51820ని, తెఱవవలసి యుండును. అయినను భేదము గొప్పది. తాళపుచెవి లేనివాడు ఎంత తట్టినను వైర్‌గార్డ్ బదులు పలుకదు. అక్కడ తలుపున్నదని కూడ వానికి తెలియదు.

ఏర్పాటు చేయునపుడు ఇంటిలోని ప్రతి ఫోనునకును వేఱువేఱుగ తాళపుచెవిని చేయింపవలెను. ఒకదానినే నలుగురు పంచుకొనరాదు. ఒక ఫోను పోయినచో దాని చెవిని మాత్రము తీసివేయవచ్చును. మిగిలినవారికి ఇబ్బంది యుండదు. ఫోనులో ఎక్కించుటకు గళ్లగళ్ల క్యూ.ఆర్. బొమ్మ నొకదానిని చూపుదురు. రహస్యపు చెవి ఆ బొమ్మలోనే యుండును. దానిని వాట్సాపు గుంపులో పంపుట ఇంటి తాళపుచెవిని రచ్చబండపై పెట్టుటయే.

ఇక్కడ మన పల్లెలలో ఒక చిక్కు వచ్చును. అంకెలు చాలనందున, సెల్‌ఫోను కంపెనీలును, అనేక కేబులు కంపెనీలును వందలాది ఇండ్లకు కలిపి వీధిలో ఒకే అంకెను ఇచ్చుచున్నవి. ఒకే డోరు నంబరు గల పెద్ద లోగిలిలో నూఱు కాపురములున్నట్లు. అట్టిచోట మన రౌటరులో ఎన్ని పోర్టులు తెఱచినను బయటివాడు మనలను చేరలేడు, మనమును చేరలేము. రౌటరులో కనబడు బయటి అంకె 100.64 మొదలు 100.127 లోపల నున్నచో సంగతి ఇదియే యని గ్రహింపవచ్చును. అప్పుడు టెయిల్‌స్కేల్ వంటిది వాడవలెను. ఇదియు వైర్‌గార్డ్‌మీదనే ఆధారపడినది. ఇంటి కంప్యూటరును ఫోనును రెండును తామే బయటికి వచ్చి కలిసికొనునట్లు చేయును. పోర్టు తెఱవ నక్కఱలేదు. స్వంత వాడుకకు రుసుము లేని తరగతి కలదు. అయితే గూగుల్ వంటి ఖాతాతో అందు ప్రవేశింతుము గావున ఆ ఖాతాకు రెండవ అంకె రక్షణ తప్పదు. మఱొకటి: మామూలుగ 180 దినములకు ఒకసారి అది మరల గుర్తింపును కోరును. ఇంటి కంప్యూటరునకు ఆ గడువును తీసివేయించనిచో, ఆఱు నెలలకు టెక్సాసులోని కుమారునికి హఠాత్తుగ ఇల్లు మూసికొని పోవును.

అంతయు ముగిసిన పిమ్మట పరీక్షింపవలెను. ఫోనులో వైఫైని ఆపి, సెల్‌ఫోను డేటాతో, గుప్తమార్గము లేకుండ ఇంటిని తెఱవ ప్రయత్నింపుడు, తెఱచుకొనరాదు. గుప్తమార్గమును వేసి ప్రయత్నింపుడు, తెఱచుకొనవలెను. రెండవ పరీక్షతోనే చాలమంది తృప్తిపడుదురు గాని మొదటిదే ముఖ్యము.

ఇక మోటారును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసినది. ఇంతవఱకు చెప్పిన తాళములన్నియు పరులను ఆపునవి, ఇంటివారిని ఆపవు. తండ్రి బావియొద్ద పంపు విప్పి కూర్చుండియుండగా, పట్టణమునుండి కుమారుడు ట్యాంకు నిండలేదని మీట నొక్కినచో, అతడు తాళపుచెవి గల వాడే, దారి భద్రమైనదే. అయినను ప్రాణము పోవును. ఫోనునకు బావియొద్ద ఎవరున్నారో తెలియదు; కెమెరాయు స్టార్టరు పెట్టె వెనుక నున్న చేతిని చూపదు. కావున పంపును గాని, తీగను గాని, స్టార్టరును గాని ముట్టబోవు మనిషి, స్టార్టరునకు ముందున్న మెయిన్ స్విచ్చును తన చేతితో దింపి, ఫ్యూజులను ఊడదీసి తన జేబులో వేసికొనవలెను. ‘ఫోనులో ఆపితిని’ అను మాటను నమ్మి చేయి పెట్టరాదు. ఆటోమాటిక్ మీటను కూడ చేతివాడుక వైపునకు త్రిప్పవలెను. లైన్‌మన్ వచ్చినపుడును ఇదే పద్ధతి. ఈ నాలుగు మాటలను పెద్ద అక్షరములతో వ్రాసి స్టార్టరు పెట్టె తలుపునకు లోపలివైపున అంటించుట మంచిది.

అట్లే, తాళపుచెవు లన్నియు దూరదేశములోని కుమారునియొద్దనే యుండుట తగదు. రౌటరు పాస్‌వర్డు, ఇంటి కంప్యూటరు పాస్‌వర్డు, ఏ పరికరము దేనితో ముడిపడియున్నది అను వివరములు తెలుగున ఒక కాగితముపై వ్రాయించి ఇంటి బీరువాలో భద్రపఱుపవలెను. ప్రతి స్విచ్చును చేతితో కూడ పనిచేయునట్లు అమర్పింపవలెను. పాత ఫోనును అమ్మునపుడు గాని, మార్పిడికి ఇచ్చునపుడు గాని, మరమ్మతుకు దుకాణములో విడుచునపుడు గాని ముందుగ దాని తాళపుచెవిని ఇంటి కంప్యూటరునుండి తీసివేయవలెను. మరమ్మతు ముగిసి ఫోను చేతికి వచ్చిన పిమ్మట క్రొత్తదానిని చేసికొనుటకు ఐదు నిమిషములు పట్టును.