పిక్కల నొప్పికి నడకయే ఔషధము

“నాలుగడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తున్నాయండీ, కాసేపు నిలబడితే సర్దుకుంటోంది. ఏదైనా వాతతైలం ఇప్పించండి” అని నా వద్దకు వచ్చువారు అనేకులు. తైలము చెప్పుటకు ముందు నేను పాదము మీది నాడిని పరీక్షింతును. అది అందనిచో దోషము కీళ్లలో గాక, రక్తమును కొనిపోవు ధమనిలో ఉన్నదేమో యని అనుమానింపవలెను. కాలి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూచు సులభ పరీక్షతో ఆ సంగతి తేలును.

నడుచునపుడు కండరమునకు ప్రాణవాయువు అధికముగా కావలెను. ధమనిలో కొవ్వు పేరుకొని మార్గము సన్నగిల్లినచో చాలినంత రక్తమందక నొప్పి పుట్టును. పొగాకు, మధుమేహము, రక్తపోటు దీనికి ముఖ్య కారణములు. నొప్పికి భయపడి నడక మానినవారికి కండరము మరింత క్షీణించును.

ప్రకృతి దీనికొక ఉపాయమును మన దేహములోనే ఉంచినది. కణములలో హిఫ్-1 అను మాంసకృత్తు పుట్టుచు, వెంటనే నశించుచుండును. ప్రాణవాయువు తగ్గినపుడు అది నశింపక నిలిచి, వీఈజీఎఫ్ అను మరియొక మాంసకృత్తును పుట్టించును. దాని ప్రేరణచే సమీపమందలి కేశనాళికలు కొమ్మకు చిగురు వేసినట్లు కొత్త శాఖలు వేయును. కణములు ప్రాణవాయువు కొరతను గుర్తించు ఈ విధానమును కనుగొన్నందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అను ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించినది.

సుశ్రుతాచార్యులు సిరలను తోటను తడుపు కాలువలతో పోల్చిరి. పెద్దకాలువ పూడినపుడు పిల్లకాలువలు మాత్రమే త్రవ్విన చాలదు. వీఈజీఎఫ్ జన్యువును కాలిలోనికి ఎక్కించి చూచిన ప్రయోగములు ఆశించిన ఫలమీయలేదు. క్రమమైన నడక మాత్రము చాలమందికి మేలు చేయుచున్నది. కొత్త నాళికలు దాని ఫలములలో ఒకటి మాత్రమే. కండరము అందిన ప్రాణవాయువునే పొదుపుగా వాడుకొనుట నేర్చుకొనును.

వైద్యుని అనుమతితో, గుండె పరీక్ష చేయించుకొని ఆరంభింపవలెను. నొప్పి ఒక మోస్తరుగా వచ్చువరకు నడిచి, ఆగి, అది తగ్గిన పిదప మరల నడువవలెను. విశ్రాంతితో కలిపి మొదట 30 నిమిషములు, క్రమముగా 45 నిమిషములు. వారమునకు కనీసము 3 దినములు, 12 వారములు తప్పక చేయవలెను. వ్యాయామము అర్ధశక్తితో చేయవలెనని మన శాస్త్రము. ఇక్కడ కొంత నొప్పిని ఓర్చుకొనుట అవసరమే గాని, పంతముతో నడుచుట కూడదు.

చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగా మానవలెను. వైద్యుడిచ్చిన మందులను ఆపరాదు. స్పర్శ తగ్గిన పాదములకు కాపడము పెట్టరాదు. కాలును గట్టిగా మర్దింపరాదు. రాత్రి పడుకొన్నపుడు పాదము నొప్పి, మానని పుండు, వ్రేళ్లు నల్లబడుట, కాలు హఠాత్తుగా చల్లబడుట కనిపించినచో గృహవైద్యముతో ఒక్క దినమైనను జాగు చేయక ఆసుపత్రికి పోవలెను. అట్టివారు పై నడకను తమంతట తాము ఆరంభింపరాదు. సకాలమున వెళ్లినవారిలో చాలమందికి కాలు దక్కును.