పాత ఫోనే కొత్త ఫోనుకు పెట్టుబడి

కూతురు పీయూసీలో చేరిందని మా పక్కింటాయన ఫోను కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బయల్దేరితే నేనూ తోడు వెళ్లాను. ఆయన జేబులో ఉన్నది 15 వేలు. ఆ డబ్బుకు కొత్త ఫోనే వస్తుంది. కానీ అదే ధరకు, మూడేళ్ల కిందట 60 వేలు పలికిన ఫోను అద్దాల బల్లలో మెరుస్తూ కనిపించింది. ఆయన చూపు ఇక దాని మీది నుంచి కదల్లేదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనూ, ముంబయి మనీష్ మార్కెట్‌లోనూ ఇలాంటి బేరాలు మామూలే.

"అందరూ ఇలా పాతవే కొంటూపోతే పెద్ద కంపెనీల కొత్త ఫోన్లు ఎవరు కొంటారండీ?" అని ఆయన అనుమానం. వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క వేసి చూస్తే మాత్రం కథ వేరే.

ఒకాయన 80 వేలు పెట్టి ఫోను కొన్నాడనుకుందాం. రెండేళ్లు వాడి 40 వేలకు అమ్మాడు. అంటే ఆ ఫోను ఆయనకు ఏడాదికి 20 వేలు పడింది. పాత ఫోను కొనేవాడే లేకపోతే ఏడాదికి 40 వేలు పడేది. ఆ ధరకు ఆయన అసలు కొనేవాడా? 'తిరిగి అమ్మితే సగం వస్తుందిలే' అనే ధీమాయే ఆయన చేత 80 వేలు పెట్టిస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లలకు లాభనష్టాల లెక్కలు చెప్పే మాస్టార్లు ఈ ఉదాహరణ వాడుకోవచ్చు. పుస్తకంలోని బియ్యం బస్తాల కన్నా ఇది పిల్లలకు తొందరగా ఎక్కుతుంది.

దుకాణాల్లో కనిపించే ఎక్స్ఛేంజ్ ఆఫర్ వెనక ఉన్నదీ ఇదే. మనిచ్చిన పాత ఫోనుకు విలువ కట్టి, కొత్తదాని ధరలో తగ్గిస్తారు. ఆ పాతది బాగుచేసేవారి చేతికి, అక్కడి నుంచి ఏ చిన్న ఊరి దుకాణానికో చేరుతుంది. అక్కడ దాన్ని కొనే తండ్రి, తనకు తెలియకుండానే, మహానగరంలో ఎవరో కొన్న కొత్త ఫోను ఖర్చులో వాటా మోస్తున్నాడు.

మరి నష్టం ఎవరికి? 2016లో జరిగిన సంగతి చూడండి. విదేశాల్లో వాడిన ఐఫోన్లను బాగుచేసి భారత్‌కు తెచ్చి అమ్ముకుంటామని యాపిల్ అనుమతి అడిగింది. ఖరీదైన ఫోన్లు చేసే కంపెనీయే పాతవి అమ్ముతానంటే, గట్టిగా అడ్డుపడింది చౌక ఫోన్లు అమ్మే దేశీయ కంపెనీలు. విదేశాల ఎలక్ట్రానిక్ చెత్త ఇక్కడ కుప్పపడుతుందన్న ఆందోళనా ఉంది. కేంద్రం ఒప్పుకోలేదు. ఎవరి భయం దేని గురించో ఆ ఒక్క గొడవతో బయటపడింది. పాత ఖరీదైన ఫోను పోటీపడేది కొత్త ఖరీదైన ఫోనుతో కన్నా, అదే ధరలో దొరికే కొత్త చౌక ఫోనుతోనే. మా పక్కింటాయన జేబులోని 15 వేల కోసం జరిగిన పోటీ అదే.

అలాగని పెద్ద కంపెనీలకు అన్నీ లాభాలే కావు. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కు, 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. దీనివల్ల పాత ఫోనుకు గిరాకీ పెరుగుతుంది, నిజమే. కానీ మొదట కొన్నవాడు 'ఇంకో రెండేళ్లు దీంతోనే లాగిద్దాం' అనుకుంటే కొత్త అమ్మకం అక్కడ ఆగిపోతుంది.

ఇంకో చిక్కు నమ్మకం. జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాత కార్ల సంతను ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. సరుకు మంచిదో చెడ్డదో కొనేవాడికి తెలియదు కనుక తక్కువకే అడుగుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి సంతలో మిగిలేవి డొక్కు బళ్లే. 2001లో ఆయనకు, మరో ఇద్దరికి కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఫోన్ల బజారుకూ ఈ మాట సరిగ్గా సరిపోతుంది. బిల్లు, వారంటీతో అమ్మే పాత ఫోనుకు ఎక్కువ ధర పలికేది అందుకే.

మనం చేసుకోగల పరీక్షలూ ఉన్నాయి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు తెర మీదికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీలో దాన్ని సరిచూసుకుంటే దొంగ ఫోనని నమోదైందేమో తెలుస్తుంది. పాత యజమాని ఖాతా తీసేశారో లేదో దుకాణంలోనే, మన కళ్ల ముందే రీసెట్ చేయించి చూడాలి. పాత పాస్‌వర్డు అడిగిందంటే అది ఫోను కాదు, ఇటుక. ఇక అప్‌డేట్ల గడువును మనం కొన్న రోజు నుంచి లెక్కపెట్టకూడదు. ఆ మోడల్ మొదట బజారులోకి వచ్చిన రోజు నుంచే లెక్క.

ఎస్పీ రోడ్డులో మా పక్కింటాయన ఐఎంఈఐ చూశాడు, రీసెట్ చేయించాడు. రెండూ బాగానే ఉన్నాయి. చివరగా అప్‌డేట్ల సంగతి అడిగితే ఇంకో ఏడాదే అని తేలింది. పీయూసీ రెండేళ్లు. ఆయన ఆ 60 వేల ఫోనును ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, బల్ల మీద పెట్టేసి, నిరుటి మోడల్లో బిల్లున్నది ఏదైనా చూపించమన్నాడు.