మన్రో విద్యాపద్దు

కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేటలలోని ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు జీతం రాష్ట్ర బడ్జెట్ నుండి అందుతుంది. రాజ్యాంగంలోని 202వ అధికరణం ప్రకారం ఆ బడ్జెట్‌ను శాసనసభ ముందు ఉంచవలసిన బాధ్యత గవర్నరుది. అయినా ఏ శాఖకు ఎంత కేటాయించాలో నిర్ణయించేది మంత్రిమండలి, ఆమోదించేది శాసనసభ. గవర్నరు పాత్ర లాంఛనప్రాయమే. రెండు వందల సంవత్సరాల క్రితం పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. కృష్ణాతీరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో ప్రజలు ఎన్నుకున్న సభ ఏదీ లేదు. గవర్నరు ప్రతిపాదించాలి, లండనులోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సమ్మతించాలి. అటువంటి కాలంలో ప్రజల చదువు కోసం ఒక పద్దు రాసిన గవర్నరు సర్ థామస్ మన్రో.

మన్రో స్కాట్లండు దేశీయుడు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉండి, గ్రామగ్రామానికీ తిరిగి, రైతుల స్థితిగతులను స్వయంగా చూచినవాడు. ఆ ప్రాంతీయులు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే అతని మీద వారికి గల అభిమానం ఎంతటిదో ఊహించవచ్చు. 1820లో అతడు మద్రాసు గవర్నరు అయ్యాడు.

చదువుకు ఎంత ఖర్చు చేయాలో తేల్చడానికి ముందు, ఉన్న చదువు ఎంతో తెలుసుకోవాలని మన్రో భావించాడు. బడులు ఎన్ని, విద్యార్థులు ఎందరు, వారు ఏయే కులాలవారు అన్న వివరాలు పంపవలసిందిగా 1822 జూన్ 25న కలెక్టర్లను కోరాడు. బడుల నిర్వహణలో జోక్యం చేసుకోవడం తన ఉద్దేశం కాదని కూడా స్పష్టం చేశాడు. మచిలీపట్నం జిల్లా నుండి 465 బడులు, గుంటూరు నుండి 574 బడులు ఉన్నట్లు లెక్క వచ్చింది. (ఈ రెండు జిల్లాల భూభాగాల నుండే 1859లో కృష్ణా జిల్లా ఏర్పడింది. కంచికచర్ల 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది.) బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసిన పండితుడు. అతడు పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు కనిపిస్తారు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. ప్రజల పేదరికమే చదువుల క్షీణతకు కారణమని ఆ నివేదిక చెప్పింది.

మొత్తం ప్రెసిడెన్సీలో 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు ఉన్నట్లు తేలింది. అంటే దాదాపు వెయ్యి మందికి ఒక బడి. ఇంటివద్ద చదువుకునేవారిని కూడా కలుపుకుంటే బడి ఈడు మగపిల్లలలో సుమారు మూడవ వంతుకు చదువు అందుతున్నదని మన్రో అంచనా వేశాడు. బడులు లేకపోవడం కంటె మంచి ఉపాధ్యాయులు లేకపోవడమే పెద్ద లోపమని అతనికి తోచింది. ఒక్కొక్క విద్యార్థి నెలకు నాలుగు నుండి ఎనిమిది అణాలు ఇచ్చేవాడు. దానితో పంతులుకు నెల మొత్తానికి ఆరేడు రూపాయలకు మించి రాదు. అంత స్వల్ప ఆదాయానికి యోగ్యుడైనవాడు ఆ వృత్తిలోకి రాడు.

1826 మార్చి 10న మన్రో తన పథకాన్ని లిఖితపూర్వకంగా సమర్పించాడు. అందులోని అంకెలు గమనింపదగినవి. ఉపాధ్యాయుల శిక్షణకు, పుస్తకాలకు మద్రాసు పాఠ్యపుస్తక సంఘానికి నెలకు 700 రూపాయలు. ప్రతి కలెక్టరేటులో హిందువులకు ఒకటి, ముస్లిములకు ఒకటి చొప్పున 40 పాఠశాలలు. వాటి ఉపాధ్యాయులకు 15 రూపాయల వంతున 600. తహసీలుకు ఒకటి చొప్పున 300 పాఠశాలలు. వాటి ఉపాధ్యాయులకు 9 రూపాయల వంతున 2,700. వెరసి నెలకు 4,000, సంవత్సరానికి 48,000 రూపాయలు. 1813 నాటి చార్టరు చట్టం కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ కలిపి విద్యకు కేటాయించినది ఏటా లక్ష రూపాయలే. దానితో పోలిస్తే ఒక్క మద్రాసుకు ఇది తక్కువేమీ కాదు. పద్దులో మూడింట రెండు వంతులు తహసీలు పంతుళ్ళ జీతాలకే కేటాయించడం మన్రో ప్రాధాన్యం ఎక్కడ ఉన్నదో తెలుపుతుంది. సర్కారు ఇచ్చే తొమ్మిది రూపాయలకు పిల్లలిచ్చే రుసుము తోడైతే ఆ పంతులు స్థితి స్కాట్లండు పల్లె ఉపాధ్యాయుని కంటె మెరుగ్గా ఉండగలదని అతని లెక్క.

ఈ పథకానికి లోపాలు లేకపోలేదు. తహసీలుకు ఒక్క బడి అంటే, తరువాతి కాలపు తాలూకాల లెక్కన నందిగామ తాలూకా అంతటికీ ఒక్కటే. కంచికచర్ల బాలుడు రోజూ నడిచి వెళ్ళి చదువుకొని తిరిగి రాగల దూరం కాదది. నందిగామలో బంధువులు ఉన్నవారికో, పూటకూటికి డబ్బు పెట్టగలవారికో మాత్రమే ఆ బడి పనికివస్తుంది. రుసుము ఇవ్వలేని కూలివాని కొడుకు సంగతి ఈ పద్దులో లేదు. బాలికల కోసం ప్రత్యేకంగా కేటాయించిన మొత్తమూ లేదు.

పథకం ఫలితం చూడడానికి మన్రో మిగలలేదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. మరుసటి సంవత్సరం డైరెక్టర్లు అతని పద్దును ఆమోదించారు. కొన్ని బడులు వెలిశాయి. కాని 1835లో కంపెనీ ప్రభుత్వం ఆంగ్లవిద్య వైపు మొగ్గడంతో 1836లో కలెక్టరేటు, తహసీలు బడులను రద్దు చేశారు. పల్లెలోని వీధిబడి పంతులు మాత్రం మునుపటివలెనే పిల్లలు తెచ్చే అణాలతో బడి నడుపుకున్నాడు.