మీట నొక్కితే అర్జీ సిద్ధం... గుంటల లెక్క మాత్రం మనదే

పాసుపుస్తకంలో తప్పు దొర్లితే రైతుకు ముందుగా కావలసింది అర్జీ. సోమవారం ఖమ్మం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లాలన్నా, తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కాలన్నా చేతిలో కాగితం ఉండాలి. ఆ కాగితం కోసం పట్నం వెళ్లి, టైపు దుకాణం ముందు కూర్చుని, తన గోడు మొదటి నుంచి చెప్పుకోవడం రైతులకు అలవాటైన పనే. పిల్లల చదువు కోసం కొన్న ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం అరుగు మీదే పూర్తవుతుంది. ఆ సంగతి ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లలోనూ చాలామందికి తెలియదు.

విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో కృత్రిమ మేధతో నడిచే సౌకర్యాలు కొన్ని ముందే అమర్చి ఉంటాయి. వేరే కొననక్కరలేదు. విండోస్ మీటను, హెచ్ అక్షరాన్ని కలిపి నొక్కితే తెర మీద మైకు గుర్తు వస్తుంది. సెట్టింగుల్లో తెలుగు కీబోర్డును చేర్చి, దాన్ని ఎంచుకుంటే మాట్లాడిన మాట తెలుగు అక్షరాల్లో పడుతుంది. ఇంటర్నెట్ ఉండాలి, పక్కన పంపుసెట్టు మోత ఉండకూడదు. అంతే. తాతగారు తన పొలం కథ చెబుతుంటే మనవడు వేళ్లు కదపకుండానే రెండు పేజీలు నిండుతాయి.

ఆ రెండు పేజీలూ అర్జీ కాదు. అందులో అన్నదమ్ముల తగాదా, పాత పట్వారీ సంగతి, పోయినేటి వాన అన్నీ కలిసి ఉంటాయి. వాటిని అర్జీగా కుదించే పని కోపైలట్‌ది. తహసీల్దారుకు రాసే అర్జీ, ఒక పేజీ దాటకూడదు, కోరేదేమిటో చివర విడిగా ఉండాలి అని తెలుగులోనే చెబితే నిమిషంలో రాసి ఇస్తుంది. దీనికోసం ప్రత్యేకంగా ఒక మీటనే పెడుతున్నట్టు 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ సంస్థ అధినేత సత్య నాదెళ్ల పుట్టింది హైదరాబాద్‌లోనే.

ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు నోటీసు అర్థం కాకపోతే దాన్ని ఫొటో తీసి, ల్యాప్‌టాప్‌లో తెరిచి, స్నిప్పింగ్ టూల్‌తో అందులోని అచ్చు అక్షరాలను విడదీసుకోవచ్చు. ఆ పాఠాన్ని కోపైలట్‌కు ఇస్తే సారాంశం తెలుగులో చెబుతుంది. గడువు తేదీని మాత్రం అసలు నోటీసులోనే చూసుకోవాలి.

ఇక్కడి దాకా బాగానే ఉంది. చిక్కంతా అంకెల దగ్గర వస్తుంది.

మధిర రైతు రెండు ఇరవై అంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. సరిహద్దు దాటి తిరువూరు వైపు వెళితే అదే రెండు ఇరవై, రెండు ఎకరాల ఇరవై సెంట్లు అవుతుంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. కాగితం మీద రెండింటినీ 2.20 అనే రాస్తారు. చుక్క తర్వాత ఉన్నది గుంటలో సెంట్లో యంత్రానికి ఎవరూ చెప్పకపోతే మామూలు దశాంశంగా భావించి కూడే ప్రమాదం ఉంది.

ఒక రైతుకు మూడు చెక్కలు ఉన్నాయనుకుందాం: 1.30, 1.20, 0.25. దశాంశాలుగా కూడితే 2.75 వస్తుంది. చూడటానికి ఏ తప్పూ కనిపించదు. గుంటల్లో కూడితే 70, 60, 25 కలిసి 155 గుంటలు, అంటే 3 ఎకరాల 35 గుంటలు. ఎకరం ఐదు గుంటల భూమి అర్జీలోనే మాయమైందన్న మాట! కాబట్టి ప్రతి చెక్కనూ ముందుగా గుంటల్లోకి మార్చుకుని కూడాలి. ఎకరానికి 40 గుంటలని కోపైలట్‌కు చెప్పి కూడించినా, చేత్తో ఒకసారి సరిచూడాలి. వేళ్ల మీద లెక్కపెట్టే పెద్దాయన పక్కనుంటే ఇంకా మంచిది.

సర్వే నంబరుదీ ఇదే తంతు. ఒకే నంబరు కింద అ, ఆ, ఇ అని భాగాలుంటాయి. నోటితో చెప్పినప్పుడు అ కాస్తా ఆ అయితే తన పొలం బదులు తమ్ముడి పొలం మీద అర్జీ పెట్టినట్టవుతుంది. సర్వే నంబర్లు, ఖాతా నంబరు, పేర్లు మైకుకు వదలకుండా పాసుపుస్తకం ఎదురుగా పెట్టుకుని చేత్తో కొట్టడమే క్షేమం.

అడగని సంగతులు చేర్చే గుణమూ ఈ యంత్రానికి ఉంది. బలంగా ఉంటుందని ఏదో సెక్షన్ నంబరు రాస్తుంది. అది ఉండవచ్చు, లేకపోవచ్చు. 2020 నాటి చట్టం స్థానంలో భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చినా, ధరణి మాటలే ఇంకా రాసినా ఆశ్చర్యపోనక్కరలేదు. తెలియని సెక్షన్‌ను కొట్టివేస్తే అర్జీకి వచ్చే లోటేమీ లేదు.

ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను కోపైలట్‌లో పెట్టకపోవడం మంచిది. రాసింది ఇంటర్నెట్ ద్వారా బయటి కంప్యూటర్లకు వెళుతుంది. వాటి చోట ఖాళీ గీత వదిలి, అచ్చు తీశాక కలంతో నింపుకోవచ్చు. కోపైలట్ ప్లస్ రకం ల్యాప్‌టాప్‌లలో రీకాల్ అనే మరో సౌకర్యం ఉంది. తెర మీద కనిపించేవాటిని తరచూ బొమ్మలుగా తీసి దాచిపెడుతుంది. 2024 మేలో ప్రకటించినప్పుడు నిపుణుల నుంచి అభ్యంతరాలు రావడంతో వాయిదా వేసి, 2025 ఏప్రిల్‌లో, కోరుకున్నవారికే పనిచేసేలా విడుదల చేశారు. పదిమంది కాగితాలు చూసే ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరవకపోవడమే ఉత్తమం.

కొనేవారు ఒక తేడా గమనించాలి. కోపైలట్ మీట ఉన్నంత మాత్రాన అది కోపైలట్ ప్లస్ యంత్రం కాదు. ఆ రకానికి సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ప్రత్యేక చిప్, 16 జీబీ ర్యామ్ ఉండాలి. అర్జీలకు అంత అక్కరలేదు.

అర్జీ తయారయ్యాక మరొక సౌకర్యం ఉంది. ఎడ్జ్ బ్రౌజరులో తెరిచిన తెలుగు పాఠాన్ని శ్రుతి, మోహన్ అనే గొంతుల్లో బిగ్గరగా చదివించవచ్చు. చదువురాని రైతు వేలిముద్ర వేసే ముందు తన కాగితంలో ఏముందో తన చెవులతో వినవచ్చు. ఎకరాలు, గుంటలు వచ్చిన చోట ఆపి, పాసుపుస్తకంతో పోల్చి, మళ్లీ వినిపించాలి.