మొదటి రౌండ్‌లో ఓడితే బ్యాగు సర్దకండి: చెస్‌లో స్విస్ పేరింగ్ ఇలా వేస్తారు

"అబ్బా, మొదటి ఆటే పదో నంబరు వాడితో పడింది!" చెస్ టోర్నమెంటుకు కొత్తగా వెళ్లిన పిల్లల నోట ఇలాంటి మాట వినిపిస్తూనే ఉంటుంది. గోడకు అంటించిన పేరింగ్ కాగితం చూసి పెద్దవాళ్లకూ అనుమానం వస్తుంది, కావాలనే బలమైనవాడితో వేశారేమోనని. ఓడిపోగానే "ఇక ఉండి ఏం లాభం, పదండి" అనేవాళ్లూ ఉన్నారు. అనుమానమూ తప్పే, తొందరా తప్పే.

ఓపెన్ చెస్ టోర్నమెంట్లు ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. 1895లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మొదట వాడారు కాబట్టి ఆ పేరు. వంద మంది వచ్చారనుకోండి. అందరూ అందరితో ఆడాలంటే మొత్తం 4,950 ఆటలు కావాలి. నాకౌట్ పెడితే మొదటి రౌండ్‌కే 50 మంది ఇంటికి వెళ్లిపోతారు. స్విస్‌లో ఓడినవాళ్లను తీసేయరు. 7 రౌండ్లు పెడితే అందరూ 7 రౌండ్లలోనూ ఉంటారు. గెలిస్తే 1 పాయింట్, డ్రా అయితే అర, ఓడితే సున్నా.

ముందుగా రేటింగ్ ప్రకారం 1 నుంచి 100 వరకు లిస్టు తయారవుతుంది. రేటింగ్ లేనివాళ్లు కింద ఉంటారు. లిస్టును సగానికి విడగొట్టి 1కి 51తో, 2కి 52తో జత వేస్తారు. అంటే 60వ నంబరు పిల్లాడికి 10వ నంబరు రావడం లెక్క ప్రకారమే. ఇందులో ఎవరి కక్షా లేదు. చాలాచోట్ల ఈ జతలు కంప్యూటరే వేస్తుంది.

రెండో రౌండ్ నుంచి సమాన పాయింట్లు ఉన్నవాళ్లు ఒక గుంపు. గెలిచినవాళ్లకు గెలిచినవాళ్లు, ఓడినవాళ్లకు ఓడినవాళ్లు ఎదురవుతారు. గుంపులోనూ మళ్లీ పై సగానికి, కింది సగానికి జత. ఒకరు మిగిలిపోతే కింది గుంపులోకి పంపుతారు. ఒకసారి ఆడినవాళ్లతో మళ్లీ వేయరు. తెల్ల పావులు, నల్ల పావులు వీలైనంత వరకు మార్చి మార్చి ఇస్తారు. ఆటగాళ్ల సంఖ్య బేసి అయితే చివరి గుంపులో ఒకరికి ఆట ఉండదు, సాధారణంగా 1 పాయింట్ ఇస్తారు. దాన్నే 'బై' అంటారు.

అందుకే మొదటి ఓటమితో కథ ముగియదు. తర్వాతి ఆట తన స్థాయికి దగ్గరివాళ్లతోనే పడే అవకాశం ఎక్కువ. 2023లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో జరిగిన గ్రాండ్ స్విస్‌లో భారత గ్రాండ్‌మాస్టర్ విదిత్ గుజరాతీ మొదటి రౌండ్‌లోనే ఎర్విన్ లామీ చేతిలో ఓడిపోయాడు. మిగిలిన 10 ఆటల్లో 8.5 పాయింట్లు సాధించి టైటిల్ గెలిచాడు. క్యాండిడేట్స్ టోర్నీకి అర్హత కూడా దక్కింది.

చివర్లో పాయింట్లు సమానమైతే చాలా టోర్నమెంట్లలో బుక్‌హోల్జ్ లెక్క చూస్తారు. అంటే మనతో ఆడినవాళ్లందరి పాయింట్లు కూడటం. మనల్ని ఓడించినవాడు బాగా ఆడితే మన లెక్కా పెరుగుతుంది. కాబట్టి ఓడించినవాడు ఆ తర్వాత గెలవాలనే కోరుకోవాలి.

చెప్పకుండా వెళ్లిపోతే నష్టం మన ఒక్కరికే కాదు. ఎదుటి పిల్లాడు గడియారం ముందు ఒంటరిగా కూర్చుంటాడు. పాయింట్ వస్తుంది గానీ, ఆడని ఆట రేటింగ్‌కు లెక్కలోకి రాదు. ఏదైనా రౌండ్‌కు రాలేకపోతే పేరింగ్ వేయకముందే ఆర్బిటర్‌కు చెప్పాలి. నిబంధనలు ఒప్పుకుంటే అర పాయింట్ బై దొరుకుతుంది.

ఈసారి పిల్లలు మొదటి ఆట ఓడి బయటికొస్తే ఇంటి దారి పట్టించకండి. నాలుగు ముద్దలు తినిపించి, రెండో రౌండ్ బోర్డు నంబరు చూసి లోపలికి పంపండి.