ఉప్పెన వెళ్లాక గోడ మీద మిగిలే గీత.. దాన్ని ఎందుకు కొలుస్తారు?

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్‌లలో ‘ఉప్పెన’ అంటే చాలామందికి 2021లో వచ్చిన సినిమానే గుర్తొస్తుంది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. కానీ బందరు, చీరాల, కాకినాడ వైపు బంధువులున్న కుటుంబాలు తుపాను వచ్చిన ప్రతిసారీ ఫోన్ పట్టుకుని కూర్చుంటాయి. ఫోన్‌లో ఎక్కువగా అడిగేది గాలి గురించే. ఎక్కువ ప్రాణాలు తీసింది మాత్రం నీళ్లు.

తుపాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు మీదికి నెట్టడమే ఉప్పెన. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉంటే నీళ్లు ఇంకా ఎత్తుకు లేస్తాయి. 1864 నవంబరులో బందరులో దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. 2014లో హుద్‌హుద్ విశాఖను గాలితో చిత్తు చేసింది గానీ, అక్కడ ఉప్పెన ఒకటిన్నర మీటరు లోపే.

ఈ ఎత్తులు ఎలా తెలుస్తాయి? రేవులో నీటిమట్టం కొలిచే యంత్రం ఆ ఒక్కచోటి సంగతే చెబుతుంది. ఊళ్ల సంగతి తెలియాలంటే మనుషులు వెళ్లి చూడాల్సిందే. అదీ త్వరగా వెళ్లాలి. ఒక వాన పడినా, ఇంటివాళ్లు సున్నం వేసినా గుర్తులు పోతాయి.

సర్వే బృందాలు ముందుగా ఇళ్లు, బడి, మసీదు, గుడి లోపలి గోడలు చూస్తాయి. బయట అలలు ఎగిసి కొడతాయి కాబట్టి అక్కడి మరక ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. లోపలి బురద గీతే నమ్మకం. చెట్లకు చిక్కిన చెత్త, ఉప్పగా మారిన బావినీళ్లు చూసి నీళ్లు ఎంత దూరం వచ్చాయో తెలుసుకుంటారు. నీళ్లు ఎప్పుడొచ్చాయి, ఎటు నుంచి వచ్చాయి అన్నది దాదీ, నానీ చెప్పినా రాసుకుంటారు.

తర్వాత గీత ఎత్తును సముద్రమట్టంతో పోల్చి లెక్కిస్తారు. పల్లపు ఇంట్లో తల మునిగేంత నీరు, మెరక ఇంట్లో మోకాలి లోతు నీరు ఒకే మట్టం కావచ్చు.

ఈ లెక్కలు హైదరాబాద్‌కే పనికొస్తాయి. ఉప్పెన హెచ్చరికలు ఇచ్చే జాతీయ సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఉన్నది ఇక్కడి ప్రగతినగర్‌లోనే. కంప్యూటర్ వేసిన అంచనా నిజమో కాదో తేల్చేది గోడ మీది గీతే. తుపాను షెల్టర్ నేల ఎంత ఎత్తులో ఉండాలో చెప్పేదీ అదే.

2013లో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ టైఫూన్‌కు 6 వేల మందికి పైగా చనిపోయారు. ‘స్టార్మ్ సర్జ్’ అని ముందే హెచ్చరించినా, ఆ మాటకు అర్థం చాలామందికి తెలియలేదు. మనకు ‘ఉప్పెన’ అనే సొంత మాట ఉంది. ఈసారి తుపాను వస్తే ఫోన్‌లో గాలితో పాటు ఇదీ అడగాలి: ఉప్పెన ఎంత ఎత్తు అన్నారు, మీ ఇల్లు ఎంత ఎత్తులో ఉంది? నీళ్లు వచ్చి వెళ్తే, గోడ కడిగే ముందు ఆ గీతను ఒక్క ఫొటో తీసి ఉంచాలి.